అట్టమీద బొత్తాం, ఏట్లో ఆల్చిప్ప

అక్క ఉండేది అమెరికాలో, అయోవా రాష్ట్రం డావెన్‌పోర్ట్‌లో. మిసిసిపీ ఒడ్డు ఊరు. జనం ఇచ్చేసిన పాత సామాను చవగ్గా అమ్మే థ్రిఫ్ట్ స్టోర్లలో పాతకాలపు బొత్తాలు వెతికి సేకరిస్తుంది. తెనాలి నుంచి చూడ్డానికి వచ్చిన తమ్ముడు మంచినీటి జీవుల మీద పనిచేసేవాడు. ఈ సేకరణ అతనికి సమ్మతం కాదు.

తమ్ముడు: అక్కా, సూటిగా అడుగుతాను. బొత్తాం చేసేది కాజాలో పెట్టుకోవడానికి. దాన్ని అట్టకు కుట్టి, అద్దం బిగించి గోడకు తగిలిస్తే ఇక అది బొత్తాం పని చెయ్యదు. అమ్మ కూడా చిరిగిన చొక్కాని మసిగుడ్డ చేసేముందు బొత్తాలు కోసి డబ్బాలో వేసేది. కానీ ఇంకో చొక్కాకి కుట్టడానికే. అమ్మది పొదుపు. నీది పోగుచెయ్యడం.

అక్క: రెండూ ఒకటి కావని నేనూ ఒప్పుకుంటాను. అయితే ఈ బొత్తాలు నా దగ్గరికి ఎలా వస్తున్నాయో చూడు. ఇక్కడి పాతతరం ఆడవాళ్ళూ అమ్మలాగే చేశారు. గాజు సీసాల్లో, బిస్కెట్ డబ్బాల్లో బొత్తాలు దాచుకున్నారు. ఆ పెద్దావిడ పోయాక పిల్లలు ఇల్లు ఖాళీ చేస్తారు. మంచాలూ గిన్నెలూ బట్టలతోపాటు ఆ డబ్బా కూడా థ్రిఫ్ట్ స్టోర్‌కి చేరుతుంది. గుడ్‌విల్ దుకాణాలు ఉన్నాయి కదా, 1902లో బోస్టన్‌లో ఎడ్గర్ హెల్మ్స్ అనే పాస్టర్ మొదలుపెట్టాడు. కలిగినవాళ్ళ ఇళ్ళలో వాడని సామాను అడిగి తెచ్చి, పనిలేని పేదలచేత బాగుచేయించి, అమ్మి, వాళ్ళకి కూలి ఇచ్చేవాడు. అలా మొదలైన దుకాణాలకే ఇప్పుడు ఈ డబ్బాలు వస్తున్నాయి. వీటిలోంచి బొత్తాం తీసి చొక్కాకి కుట్టుకునే చెయ్యి ఆ ఇంట్లో ఎప్పుడో ఆగిపోయింది. నేను ఆపలేదు.

తమ్ముడు: ఆ ఇంట్లో ఆగిపోతే ఊళ్ళో ఆగిపోయినట్టా? కుట్టుపని తెలిసినవాళ్ళు ఇంకా ఉన్నారు. వాళ్ళకి ఆరు ఒకేలాంటి బొత్తాలు చవగ్గా దొరికితే ఒక గౌను పూర్తవుతుంది. మీలాంటివాళ్ళు పోటీపడి కొంటే ధర పెరిగి వాళ్ళకి అందకుండా పోతుంది.

అక్క: అది న్యాయమైన మాట. అందుకే ఒకేలాంటివి సెట్టుగా దొరికితే నేను ముట్టుకోను. కుట్టుకునేవాళ్ళకి అది కావాలి. నాకు కావలసింది జత లేని ఒంటి బొత్తాం. దర్జీకి అది పనికిరాదు. దాని మీద చదవడానికి మాత్రం చాలా ఉంటుంది.

తమ్ముడు: ఒక్క బొత్తాంలో ఏం చదువుతావు?

అక్క: దేనితో చేశారు, ఎవరు చేశారు, ఎందుకు మానేశారు. ఇదిగో, ఈ గోధుమరంగుది తాగ్వా గింజ. ఈక్వడార్ అడవుల్లో పెరిగే ఒక తాళజాతి చెట్టు విత్తనం. లేతగా ఉన్నప్పుడు లోపల తాటిముంజలాగా నీళ్ళూ గుజ్జూ ఉంటాయి. ముదిరితే ఏనుగుదంతమంత గట్టిపడుతుంది. 19వ శతాబ్దం చివర, 20వ శతాబ్దం మొదట్లో ఓడలకెత్తి తెచ్చి, న్యూయార్క్ రాష్ట్రం రాచెస్టర్ లాంటి ఊళ్ళలో కోసి, రంగువేసి, మగవాళ్ళ సూట్లకి బొత్తాలు చేశారు. వెనక్కి తిప్పి చూడు, కొన్నిటికి గింజ తొక్క ఇంకా అంటుకునే ఉంటుంది.

తమ్ముడు: మరి ఈ నల్లది?

అక్క: దుకాణంలో దాని మీద జెట్ అని చీటీ అంటించి ఉంది. జెట్ అంటే ఇంగ్లండ్‌లో విట్బీ తీరాన దొరికే, చెట్టు మాను శిలగా మారిన నల్లటి పదార్థం. 1861లో భర్త ఆల్బర్ట్ పోయాక విక్టోరియా రాణి 1901లో తాను పోయేదాకా నల్లబట్టలే కట్టింది. ఆమెని చూసి సంతాపానికి నల్లనగలు, నల్లబొత్తాలు వేసుకోవడం రివాజైంది. అసలు జెట్ అందరికీ దొరుకుతుందా? బొహీమియాలో నల్లగాజు పోసి అచ్చులు తీశారు. పట్టుకుంటే జెట్ తేలిగ్గా, వెచ్చగా తగులుతుంది. గాజు చల్లగా, బరువుగా ఉంటుంది. ఇది గాజే. రాణిగారి దుఃఖం చవకరకంలో ఎంత దూరం నడిచిందో ఇందులో తెలుస్తుంది.

తమ్ముడు: ఇదంతా పుస్తకంలో చదువుకోవచ్చు. మ్యూజియంలో చూడొచ్చు.

అక్క: మ్యూజియంలో రాజుల కోట్లుంటాయి. కూలికి వెళ్ళే మనిషి రవికె బొత్తాం ఎవరు దాచారు? ఇక్కడ బొత్తాలు సేకరించేవాళ్ళు 1938లో జాతీయ సంఘం పెట్టుకున్నారు. పదార్థాన్ని బట్టి, పరిమాణాన్ని బట్టి, కాలాన్ని బట్టి వర్గాలు చేసుకున్నారు. ఏది గాజు, ఏది కొమ్ము, ఏది పాలలోని కేసిన్‌ని గట్టిపరిచి చేసింది అని చేతితో తడిమి చెప్పగలిగినవాళ్ళు వాళ్ళే. ఆ తెలివి పుస్తకంలో సగమే ఉంటుంది. సెల్యులాయిడ్ సంగతి చూడు. 1870లో హయత్ సోదరులు దానికి పేటెంటు తీసుకున్నారు. నైట్రోసెల్యులోజ్‌లో కర్పూరం కలిపి చేస్తారు. వేలితో రుద్ది వాసన చూస్తే ఒక్కోసారి ఇప్పటికీ కర్పూరం తెలుస్తుంది. బేకలైట్ 1907లో లియో బేక్‌లాండ్ కనిపెట్టాడు. వేడినీళ్ళలో ఒక క్షణం ముంచి తీస్తే ఫార్మాల్డిహైడ్ ఘాటు వస్తుంది. కానీ సెల్యులాయిడ్‌ని నీళ్ళలో ముంచకూడదు, కాల్చిన సూదితో అసలే పొడవకూడదు, భగ్గుమంటుంది. ఏది ఏదో తెలియకుండా పరీక్ష పెడితే వస్తువు పోతుంది.

తమ్ముడు: సరే, చదువు ఉందని ఒప్పుకుంటాను. మరి కోటు మీదున్న బొత్తాల సంగతి? థ్రిఫ్ట్ స్టోర్‌లో మంచి ఉన్నికోటు కొని, బొత్తాలు కోసుకుని కోటుని పారేసేవాళ్ళున్నారని నువ్వే చెప్పావు. చలిదేశంలో అది ఒక మనిషికి కప్పుకునే బట్ట.

అక్క: దాన్ని నేను సమర్థించను. తొడుక్కోవడానికి పనికొచ్చే బట్ట మీద కత్తెర పెట్టకూడదు. కొనకుండానే దుకాణంలో కోసుకునేవాళ్ళున్నారు, అది దొంగతనం. ఇంకో నష్టం కూడా ఉంది. పాతకోటు మీదే బొత్తాం ఉంటే అది ఏ బట్టకి, ఏ కాలంలో, ఏ దారంతో కుట్టారో తెలుస్తుంది. కోస్తే ఆ సాక్ష్యం మన చేతులతోనే చెరిపేస్తాం. చిమ్మెట కొట్టి, చంకలు పిగిలి, ఎవరూ కొనని బట్ట మీదైతే మాత్రం కోస్తాను.

తమ్ముడు: ఎవరూ కొనని బట్ట అంతటితో అయిపోదు కదా.

అక్క: అవదు. అమ్ముడుపోనివి చాలావరకు బేళ్ళు కట్టి విదేశాలకి పంపుతారు. ఉన్నివి కొన్ని మన హర్యానాలో పానిపట్‌కే వెళతాయి. మళ్ళీ తొడుక్కునే బట్టలుగా అమ్మడానికి వీల్లేకుండా కోసిన వాటిని గుజరాత్ కాండ్లా లాంటి చోట్ల దించుకుని, పానిపట్‌లో దారం తీసి దుప్పట్లు నేస్తారు.

తమ్ముడు: ఆ దారం తియ్యకముందు అక్కడ ఆడవాళ్ళు వరసగా నేలమీద కూర్చుని కోట్ల బొత్తాలు, జిప్పులు, లేబుళ్ళు కోస్తారు. ప్రపంచంలో పాతబొత్తాల్ని వాళ్ళకంటే ఎక్కువ చూసినవాళ్ళు ఎవరుంటారు? నీకు ఒక్క బొత్తాం దొరికితే అపురూపం. వాళ్ళకి అది తీసి పారెయ్యవలసిన అడ్డం. సేకరణ అనే సరదాకి తీరిక కావాలి, చోటు కావాలి. అది ఉన్నవాళ్ళకే బొత్తాం చరిత్ర అవుతుంది.

అక్క: తీరిక ఉన్నవాళ్ళే చరిత్ర రాసుకున్నారన్నది బొత్తాలకే కాదు, అన్నిటికీ వర్తిస్తుంది. తీరిక దొరికినవాళ్ళు ఏం రాస్తారన్నదే నా ప్రశ్న. బొత్తాం అందంగా ఉంది అని రాసి ఊరుకోవచ్చు. కోసినచేతి సంగతీ రాయొచ్చు.

తమ్ముడు: నువ్వు రాస్తున్నావా? ఈ సీసా సంగతే తీసుకుందాం. ఒకావిడ తన ఇంట్లో అరిగిన ప్రతి బట్ట నుంచీ తీసి దాచుకుంది ఇందులో. భర్త పనిచొక్కా, పాప గౌను, ఎవరిదో సైనికుడి కోటు, అన్నీ కలిసి ఉన్నాయి. ఆ కలయికే ఆ ఇంటి చరిత్ర. నువ్వు తెచ్చి గాజు ఒకవైపు, ఇత్తడి ఒకవైపు, చిప్ప ఒకవైపు విడదీశావు. ఒక కుటుంబాన్ని పదార్థాల కింద పంచేశావు.

అక్క: ఈ మాట నన్ను చాలాకాలంగా తొలుస్తూనే ఉంది. విడదీయక తప్పని కారణం ఒకటుంది. సెల్యులాయిడ్ పాతబడితే ఆమ్లపు ఆవిరి వదులుతుంది. మూత బిగించిన డబ్బాలో పక్కనున్న ఇత్తడికి చిలుము పడుతుంది, ఉక్కు తుప్పుపడుతుంది, ఒక సెల్యులాయిడ్ చెడితే పక్కదాన్నీ చెడగొడుతుంది. కలిపి ఉంచితే ఆ కుటుంబ చరిత్ర తనను తానే తినేస్తుంది. కానీ విడదీసేముందు సీసా మొత్తాన్ని ఫొటో తీస్తాను. ప్రతి బొత్తానికీ సీసా గుర్తు రాస్తాను. దారానికి గుచ్చినవి, పిన్నీసుకి తగిలించినవి ఉంటే విప్పను. ఆ ముడి ఆవిడ వేసింది, ఆ నాలుగూ ఒకే బట్టవి అని మనకి చెప్పడానికి.

తమ్ముడు: అందరూ ఇలా చేస్తారా?

అక్క: చెయ్యరు. చెయ్యకపోతే అది సేకరణ కాదు, నువ్వన్నట్టు పోగు. చీటీ లేని బొత్తాం కన్నా బొత్తాం పోయినా మిగిలిన చీటీయే విలువైనదని నా నమ్మకం.

తమ్ముడు: అయితే ఇప్పుడు నా అసలు అభ్యంతరం. గోడమీద నీకు అన్నిటికన్నా ఇష్టమైనది ఆ ముత్యపుచిప్ప బొత్తాల అట్ట. వెలుగు పడితే గులాబీ, ఆకుపచ్చ మెరుస్తాయి. అది ఒక జంతువు ఇల్లు అక్కా. ఏటి ఆల్చిప్ప. నీటిని వడగట్టి శుభ్రం చేసే ప్రాణి. ఈ నదిలోంచే తీశారు.

అక్క: ఇక్కడికి దిగువన ఉన్న మస్కటీన్ ఊళ్ళోనే. జాన్ బెపుల్ అనే జర్మన్ బొత్తాల పనివాడు వలస వచ్చి, 1891లో అక్కడ కార్ఖానా పెట్టాడు. అంతకుముందు ఏడాది దిగుమతుల మీద మెకిన్లీ సుంకం వచ్చి విదేశీ బొత్తాలు ప్రియమయ్యాయి, ఇతని ఏటిచిప్పకి గిరాకీ వచ్చింది. 1905 నాటికి ఆ ఊరు ఏటా 150 కోట్ల బొత్తాలు చేసింది. ప్రపంచంలో తయారయ్యేవాటిలో మూడోవంతుకు పైగా ఒక్క ఊరివే అని లెక్క.

తమ్ముడు: ఆ లెక్క వెనక నది లెక్క చూడు. పడవకి కడ్డీ కట్టి, దానికి కొక్కేల గొలుసులు వేలాడదీసి ఏటి అడుగున ఈడ్చేవాళ్ళు. నోరు తెరుచుకుని ఉన్న ఆల్చిప్ప కొక్కెం తగలగానే పట్టుకుని మూసుకుంటుంది, అలాగే పైకొస్తుంది. ఉడకబెట్టి మాంసం తీసేసి చిప్పని గొట్టపు రంపంతో బిళ్ళలు కోస్తారు. చిల్లులు పడిన మిగతా చిప్ప చెత్తకుప్పలోకి. ఒక్కో చిప్పలో బొత్తానికి పనికొచ్చేది కొంతే. కొన్నేళ్ళకే ఆల్చిప్పలు తరిగిపోయాయి. ప్రభుత్వం 1908లో మస్కటీన్ దగ్గరి ఫెయిర్‌పోర్ట్‌లో వాటిని పెంచే పరిశోధనకేంద్రానికి అనుమతిచ్చింది. ఆల్చిప్ప పిల్ల పుట్టగానే ఒక చేప మొప్పలకి అంటుకుని కొన్నాళ్ళు బతకాలి. ఆ చేప లేకపోతే తరం లేదు.

అక్క: అదే బెపుల్ చివరికి ఆ ఫెయిర్‌పోర్ట్ పనిలోనే చేరాడు. ఆల్చిప్పల కోసం ఏట్లో దిగినప్పుడు చిప్ప కాలికి గీసుకుని, విషమెక్కి 1912లో చనిపోయాడు. ఆ చిప్పతో కార్ఖానా పెట్టినవాడే, దాన్ని బతికించే పనిలో పోయాడు. ఇంకో సంగతి కూడా నీ లెక్కలోకి రావాలి. 1913లో ఈ నది మీదే దిగువన కియోకక్ ఆనకట్ట వచ్చింది. బొత్తాలకి మేలైన ఎబోనీషెల్ ఆల్చిప్పకి ఆధారమైన స్కిప్‌జాక్ హెరింగ్ చేప ఆ కట్ట దాటి పైకి రాలేకపోయింది. నదిని చంపింది బొత్తాం ఒక్కటే కాదు.

తమ్ముడు: ఒక్కటే అని నేననను. ఆనకట్టలు, మురుగు, పొలాల నుంచి కొట్టుకొచ్చిన ఒండ్రు, అన్నీ ఉన్నాయి. ఉత్తర అమెరికాలో మంచినీటి ఆల్చిప్పలు సుమారు 300 జాతులు. అందులో ఎక్కువభాగం ఇవాళ ప్రమాదంలో ఉన్నాయి. కానీ బొత్తాం కొట్టిన దెబ్బ చిన్నది కాదు. మన దేశంలోనూ బీహార్ తూర్పు చంపారన్‌లో మెహ్సీ చుట్టుపక్కల ఏటిచిప్పతో బొత్తాలు చేసే కుటీరపరిశ్రమ పెరిగింది. అక్కడా ముడిసరుకు నదే.

అక్క: నది ఒక్కటే కాదు, మనుషులూ నలిగారు. చిప్పని వారంపాటు నీళ్ళలో నానబెట్టి మెత్తబరిచి కోసేవాళ్ళు. తడి నేల, చిప్పల ధూళి, తిరిగే రంపం. ఆడవాళ్ళు, పిల్లలు ఇళ్ళలో కూర్చుని పూర్తయిన బొత్తాల్ని అట్టలకు కుట్టేవాళ్ళు. కోసినవాటిని లెక్కపెట్టడంలో మోసం జరుగుతోందని కార్మికులు గొడవపడ్డారు. 1911లో యజమానులు తలుపులు మూసేశారు. సమ్మె సాగింది, గవర్నర్ సైన్యాన్ని దింపాడు. పెర్ల్ మెక్‌గిల్ అనే ఆ కార్ఖానా అమ్మాయి, ఇరవై నిండకముందే, సంఘం తరఫున ఊళ్ళు తిరిగి మాట్లాడింది. 1912లో మసాచుసెట్స్‌లో లారెన్స్ బట్టలమిల్లుల సమ్మెలోనూ నిలబడింది. ఈ సంగతులు నాకు ఎలా తెలిశాయనుకున్నావు? థ్రిఫ్ట్ స్టోర్‌లో ఒక సంచీలో దొరికిన బొత్తాం వెనక గోధుమరంగు గరుకు పొర చూసి, ఇదేమిటని అడగబట్టి. అది ఆల్చిప్ప పైతోలు. ప్లాస్టిక్ బొత్తానికి వెనక ఏమీ ఉండదు.

తమ్ముడు: అయితే ఆ వెనకవైపే గోడకి తగిలించు. నీ అట్టమీద మెరిసేవైపే కనిపిస్తోంది. చూసినవాళ్ళు అబ్బ అంటారు, ఇలాంటివి మాకూ కావాలంటారు. ఖరీదైన చొక్కాలకి ఇప్పటికీ కొత్త చిప్పబొత్తాలు కుడుతున్నారు. పాతవాటి మీద నువ్వు పెంచే మోజు కొత్త చిప్పల మీదికి పాకుతుంది.

అక్క: పాత బొత్తాం కొంటే కొత్త ఆల్చిప్ప చావదు.

తమ్ముడు: నేరుగా చావదు. కోరికకి పాత, కొత్త తేడా తెలియదు. అందం చూపించి వెల దాస్తే అది ప్రకటనే అవుతుంది.

అక్క: ఆ మాట కాదనలేను. వెల దాచకూడదు. కానీ నువ్వు అడిగేది వెల చూపించమనా, అందం దించెయ్యమనా?

తమ్ముడు: దించెయ్యమనే అనాలనిపిస్తుంది. ఏట్లో ఉండవలసినదాన్ని చూసి ఆనందించడం నాకు చేతకాదు.

అక్క: అక్కడే నేను నీతో విభేదిస్తాను. దించేస్తే ఎవరు చూస్తారు? ఆ కోట్ల బొత్తాలు చొక్కాలమీద అరిగి, మసిగుడ్డల్లో పోయాయి. వాటితోపాటు ఆ నది తరిగిందన్న జ్ఞాపకమూ పోయింది. ఈ ఊళ్ళో పుట్టిపెరిగిన పిల్లలకే తమ ఏట్లో ఏమున్నాయో తెలియదు. వాళ్ళు ఈ అట్ట దగ్గర ఆగేది మెరిసినందుకే. ఆగాక వెల చెబుదాం. మెరుపు లేకుండా వెల ఒక్కటే చెబితే వినేవాళ్ళుండరు, వెల లేకుండా మెరుపు ఒక్కటే చూపిస్తే నువ్వన్నట్టు అబద్ధం. నేను ఇన్నాళ్ళూ పదార్థం, కాలం, దొరికిన చోటు రాశాను. ప్రాణి సంగతి రాయలేదు. అది చేరుస్తాను.

తమ్ముడు: పూర్తయిన బొత్తాం చూసి ఏ జాతో చెప్పడం దాదాపు అసాధ్యం. చిల్లులు పడిన చిప్ప దొరికితే చెప్పొచ్చు. తెలియని చోట ఊహించి రాయొద్దు. జాతి తెలియదని రాయి, మిసిసిపీ ఏటిచిప్ప అని రాయి, ఇవి బతకడానికి ఒక చేప కావాలని రాయి.

అక్క: కోసినవాళ్ళ సంగతి కూడా. పేర్లు తెలియవు, ఊరు తెలుసు, 1911 తెలుసు.

తమ్ముడు: ఇంతా రాసినా నా అభ్యంతరం పూర్తిగా పోదు. బొత్తాం చొక్కాకే అందం అని ఇప్పటికీ అంటాను. కానీ వెల రాసిన అట్టని దించమని ఇక అడగను. మస్కటీన్‌లో ముత్యపుబొత్తాల మ్యూజియం ఉంది కదా, చిల్లులు పడిన చిప్పలు అక్కడుంటాయి. రేపు వెళదాం. చూసి జాతులు నేను చెబుతాను, కార్ఖానా సంగతి నువ్వు రాయి. ఒక్క షరతు, అట్టమీద కనీసం ఒక బొత్తాన్ని వెనక్కి తిప్పి కుట్టాలి.

అక్క: ఒకటి కాదు, ప్రతి వరసలో ఒకటి తిప్పి కుడతాను. చిప్ప తోలు కనపడేలా.